నలభయ్యో పొద్దు

కాంస్యదుర్గానికి ఏడు ప్రాకారాలు. తొలి ఎండ పడగానే రాగిరేకు తొడిగిన బురుజులు భగభగమంటాయి. గుమ్మం గుమ్మానికీ ఏనుగుదంతంతో చెక్కిన పాముపడగలు, పడగలకు కెంపుల కళ్ళు, కింద వెండిగొలుసులతో కట్టేసిన చిరుతలు. చూడవచ్చిన పరదేశులు నోళ్ళు వెళ్ళబెట్టి ఆరు ప్రాకారాలు దాటి, అక్కడినుంచే దణ్ణం పెట్టుకుని వెనక్కి మళ్ళేవారు. ఏడో ప్రాకారం లోపల రత్నాల రాశులున్నాయని సొంత ఊళ్ళకు పోయి కథలు చెప్పుకునేవారు. పాపం, వాళ్ళకేం తెలుసు! అక్కడున్నవి తోలుతిత్తులు.

గోడల నిండా మేకులు, మేకుకో తిత్తి. కొన్ని గుండ్రంగా బిగిసి ఉన్నాయి, కొన్ని సగానికి కుంగాయి, కొన్ని ఎండిన బీరకాయల్లా వేలాడుతున్నాయి. తిత్తికో మనిషి ఊపిరి. ఊపిరి పోగొట్టుకున్న ఆ మనుషులు చచ్చిపోలేదు, చస్తే బాగుండేది. కళ్ళు తెరిచే ఉండి, కన్నబిడ్డల్ని కూడా గుర్తుపట్టకుండా, తమ తిత్తి ఎటు కదిలితే అటు కాళ్ళీడ్చుకుంటూ నడిచేవారు.

ఆ గోడ కింద కూర్చుని కమ్మరి బొల్లన కొత్త తిత్తి కుడుతున్నాడు. ఎదురుగా కొలిమి దగ్గర గాలి కొడుతున్నవాడు అతని తండ్రి మాచన. బొల్లనను భటులు పట్టుకొచ్చి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లో తండ్రి ఒక్కసారి కూడా కొడుకు ముఖం చూడలేదు. మాచన తిత్తి మూడో వరుసలో వేలాడుతోంది, చెయ్యి చాస్తే అందుతుంది. కానీ ముడి విప్పితే ఊపిరి గాలిలో కలిసిపోతుంది. దాన్ని మళ్ళీ మనిషిలో నిలబెట్టే విద్య ఈ నేల మీద ఒక్కడికే తెలుసు. లోకం ఆయన్ను నిర్వాతముని అంటుంది, బొల్లనలాంటి శిష్యులు ఊపిరితాత అంటారు. ఆయన ఇప్పుడు గద్దలదిన్నె మీద, నిలువెత్తు మట్టి కింద, నలభై రోజుల సమాధిలో కూర్చుని ఉన్నాడు.

తను కుట్టే తిత్తి ఆ తాత కోసమేనని బొల్లనకు మూడో రోజే తెలిసింది. కాపలావాళ్ళు వాగుతుంటే విన్నాడు. విన్ననాడే ఒక నిర్ణయానికి వచ్చాడు. తిత్తి మెడ దగ్గర, లోపలి వరుసలో ఒక్క కుట్టు వదులుగా వదిలేస్తే చాలు. పైకి కనబడదు. పట్టిన ఊపిరి దారిలోనే జారిపోతుంది. ఆ ఒక్క కుట్టును తలుచుకుంటూనే అతను ఈ ఆరు రోజులూ ప్రాణం బిగబట్టుకున్నాడు.

"పూర్తయిందా, కమ్మరీ?"

రాజగురువు భస్మాక్షుడు వచ్చాడు. ఏళ్ళతరబడి హోమం పొగలో కూర్చుని కూర్చుని అతని కళ్ళు బూడిదరంగుకు తిరిగిపోయాయి. వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనదు. కానీ చెవులు మాత్రం పాముచెవులు. గదిలో పదిమంది ఉంటే పదిమందినీ ఊపిరి చప్పుడుతోనే పోల్చేస్తాడు. అతని వెనక మహారాజు హేమరథుడు నిలబడ్డాడు. తలమీద నవరత్న కిరీటం, మెడలో ముత్యాల పేటలు, నోటి మూలన ఒక ఇత్తడి ఊదుగొట్టం. పక్కనున్న సేవకుడు తిత్తిని నొక్కాడు. రాజు రొమ్ము పొంగింది.

"శు... భం," అన్నాడు రాజు. తిత్తి చదునైపోయింది. గోడవార నిలబడ్డ ఖైదీల్లో ఒకడు, చప్పుడు కాకుండా, ఉన్నచోటే కుప్పకూలాడు.

రాజు పోయి ఏడాది అయిందన్న సంగతి ఏడో ప్రాకారం దాటి బయటికి పొక్కలేదు. రోజుకో మనిషి ఊపిరితో ఆయన కొలువు తీరుస్తున్నాడు, శాసనాల మీద ముద్ర వేస్తున్నాడు.

భస్మాక్షుడు చెవి వంచాడు. "నీ ఊపిరి వింతగా ఉన్నదే! లోపలికి నాలుగు, బయటికి ఎనిమిది. చివర ఓ చిన్న ఆగుడు. ఎవరు నేర్పారు?"

బొల్లన ఊపిరి తొణకనివ్వలేదు. "కొలిమి నేర్పింది దొరా. పుట్టినకాడ్నుంచి తిత్తి కొడతన్నా. తిత్తి నోరు మూసుకునేటప్పుడు ఆగుద్ది గదా, నేనూ ఆగుతా."

"బాగున్నది. తిత్తిని నీటిలో ముంచండి."

గాలి నింపిన తిత్తిని గంగాళంలో ముంచి ఇద్దరు భటులు అదిమిపట్టారు. బొల్లన ఒళ్ళంతా చెమట పట్టింది. వదిలేసిన కుట్టులోంచి ఇప్పుడు ఒక్క బుడగ లేచినా అతని పని అంతే. వంద లెక్కపెట్టేదాకా ఉంచారు. నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి.

బుడగ రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ మరుక్షణమే అనుమానం పుట్టింది. బుడగ ఎందుకు రాలేదు? తెల్లవారుజామున ఆఖరి వరుస కుట్టేటప్పుడు మనసు తండ్రి మీద ఉంది. చేతులు మాత్రం పదేళ్ళ వయసునుంచి మాచన కొట్టి కొట్టి నేర్పిన పని తమపాటికి తాము చేసుకుపోయాయి. వదులుగా ఉంచాలనుకున్న కుట్టును కూడా బిగించేశాయి! దొంగపని చేయడం చేతకాని చేతులు. వాటిని నరికేసుకోవాలనిపించింది.

"అద్భుతం," అన్నాడు భస్మాక్షుడు, తడిసిన తోలును నిమురుతూ. "ముని నలభై రోజులు లోపల మగ్గబెట్టిన ఊపిరి ఇందులోకి రావాలి. సమాధి నుంచి లేవగానే విడిచే మొదటి నిశ్వాసం. ఇది చేతికి చిక్కితే ప్రభువు నూరేళ్ళు నడుస్తారు. నేడే నలభయ్యో రోజు. సాయంత్రం లోపల దిన్నె చేరాలి." వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇలాంటి తిత్తి ఇంకొకటి పుట్టకూడదు. కమ్మరిని అగడ్తలో పారేయండి," అన్నాడు, వెలిగే దీపాన్ని ఆర్పమన్నంత తేలిగ్గా.

బొల్లన చేతులు విరిచికట్టి బురుజు మీదనుంచి తోసేశారు. పచ్చటి నీళ్ళు నెత్తిమీద మూసుకున్నాయి. ఆ అగడ్తలో మొసళ్ళకు చూపు తక్కువ. బుడగలు లేచిన చోటికే వచ్చి పడతాయి. మునిగినవాడు భయంతో ఊపిరి వదులుతాడు, వదిలినవాడి కథ అక్కడితో సరి. బొల్లన వదల్లేదు. అడుగున బురదలో వెల్లకిలా పడి, నాలుక మడిచి, పొట్ట లోపలికి లాక్కుని, తాత నేర్పినట్టు ఊపిరిని బొడ్డు దగ్గర కట్టేశాడు. గరుకు పొట్ట ఒకటి అతని తొడను రాసుకుంటూ పోయింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి ముఖం మీద ఆగింది, ముట్టెతో భుజాన్ని ఓసారి కదిలించి, మొద్దు అనుకుందో ఏమో వెళ్ళిపోయింది. వంద. నూటయాభై. కాళ్ళతో నెట్టుకుంటూ పోయి నీటిగుమ్మం ఇనపకమ్ములకు వీపు ఆనించాడు. తుప్పు పట్టిన అంచుకు తాళ్ళు రాశాడు, తాళ్ళతోపాటు తోలూ తెగింది. నెత్తుటి వాసనకు మొసళ్ళు కదిలి నీళ్ళు అల్లకల్లోలమయ్యాయి. రెండొందల ఎనభై. వంగిన కమ్ముల సందున దూరి, అవతలి వాగులో తేలి, ఆకాశాన్ని చూసి నోరు తెరిచాడు. అంత తియ్యటి గాలి అతను పుట్టాక పీల్చలేదు.

రాజును కోటలోనే ఉంచి భస్మాక్షుడు పల్లకీలో, బాకాలతో, ఊళ్ళ మీదుగా రావాలి. బొల్లన ముళ్ళడొంకల్లోంచి, లోయ అడ్డంగా, ఒళ్ళంతా చీరుకుంటూ పరుగెత్తాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గద్దలదిన్నె ఎక్కాడు.

ఎక్కీ ఎక్కగానే గొంతుకు పార అంచు ఆనింది.

"ఇంకో అడుగేస్తే పాతేస్తా," అంది మెహరి.

మెహరి అరూపుల పిల్ల. కాంస్యదుర్గపు రాజ్యంలో ఉన్నవాళ్ళు రెండు రకాలు. అగ్నిని కొలిచి, చచ్చినవాళ్ళను అగ్గికి ఇచ్చే జ్వాలికులు ఒకరు. రూపంలేని ఒక్కణ్ణి కొలిచి, చచ్చినవాళ్ళను మట్టికి ఇచ్చే అరూపులు రెండోవారు. బొల్లన జ్వాలికుడు. మెహరి గోతులు తవ్వేవాళ్ళ ఇంటి బిడ్డ. నెలకిందటే జ్వాలికుల సైన్యం దిన్నె కింద ఉన్న ఆమె ఊరిని కాల్చింది. ఆమె అన్నను కోటకు ఈడ్చుకుపోయింది. శవమైనా వెనక్కిస్తారని మెహరి గొయ్యి తవ్వి ఉంచింది. గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది.

"నేనే మెహరీ. బొల్లన్నని."

"తెల్సు. అందుకే ఇంకా పొడవలేదు." పార దించింది గానీ చేతిలోంచి వదల్లేదు. "తొమ్మిది రోజులు కోటలో తిన్నావు. మా ఊరోళ్ళు నిన్ను నమ్మొద్దన్నారు."

"మీ ఊరోళ్ళు నిన్నే వెలేశారు గదమ్మా, నన్నేం నమ్ముతారు?"

ఆ మాటకు మెహరి పారను నేలకు ఆనించింది. నిజం కాబట్టి. యోగం జ్వాలికుల సొత్తు, పరులు అభ్యసిస్తే తల తీయించెదము అని భస్మాక్షుడు శాసనం వేయించాడు. అది విని అరూపుల పెద్దలు ఊరుకున్నారా! వెన్ను నిలిపి కళ్ళు మూసినవాడు అగ్గివాళ్ళలో కలిసినట్టే అని తమ తీర్పు తాము చెప్పారు. ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది ఆ ఒక్క విషయంలోనే. ఊపిరితాత దగ్గరకు వచ్చే వందమందిలో మిగిలింది వీళ్ళిద్దరు.

తాత మాత్రం ఎవరి దేవుణ్ణీ వదలమనలేదు. మొదటిరోజున బొల్లన భయపడుతూ అడిగాడు: "తాతా, ఇది ఏ మతం?" తాత పకపకా నవ్వాడు. "నువ్వు పుట్టి కెవ్వుమనే ముందు ఓ ఊపిరి పీల్చావు గదరా. అప్పుడు నీది ఏ మతం? ఈ దారి అప్పటిది. మీ అగ్గి కంటే, వాళ్ళ ఒక్కడి పేరు కంటే పాతది. నడిచినోడు ఏ గుడికైనా పోవచ్చు, పోకపోనూవచ్చు. కూర్చో. వెన్ను నిలుపు." ఇంకో రోజు కళ్ళు మూసుకుని కూర్చున్న బొల్లనకు పక్కనుంచి తన తండ్రి హోమం ముందు పీల్చే ఊపిరిలాంటిదే వినిపించింది. అదే పొడవు, అదే ఆగుడు. కళ్ళు తెరిచి చూస్తే మెహరి. తన దేవుడి పేరును పెదవి కదలకుండా ఊపిరిలో తిప్పుకుంటోంది. ఆ రోజునుంచి ఆమె అతనికి చెల్లెలే.

"పార ఇలా ఇయ్యి," అన్నాడు బొల్లన రొప్పుతూ. "తాతను ఇప్పుడే లేపాలి. ఈరోజు నలభై. భస్మాక్షుడు దారిలో ఉన్నాడు."

"ఈరోజు నలభై ఏంటి? రేపు పొద్దుగుంకాక."

"నాకు లెక్క రాదనుకున్నావా? తాత కూర్చున్న రోజు ఒకటి. అక్కణ్ణుంచి ఈరోజు నలభై."

"తాత కూర్చుంది దీపాలేళప్పుడు. అప్పటికే ఆ రోజు అయిపోయింది. పొద్దుగుంకితే కొత్త రోజు. రోజంటే మళ్ళీ పొద్దుగుంకేదాకా. అట్టాంటివి నలభై నిండాలి."

"పొద్దుగుంకితే కొత్త రోజేంటే? రోజు పొద్దుపొడుపుతో గదా పుట్టేది!"

"మీకు."

బొల్లన వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టాడు. భస్మాక్షుడు కూడా జ్వాలికుడే, అందుకే ఈరోజు వస్తున్నాడు. ఇద్దరూ పుట్టినప్పటినుంచి వేసుకున్న లెక్కే వేశారు. ఆ లెక్క తప్పయితే? సమాధి ఒక్క పూట ముందు తెరిచినా లోపల కట్టేసిన ఊపిరి ఎదురుతిరిగి గుండెను చీలుస్తుంది. తాత పోతాడు. తాతతోపాటు మాచనా, మేకులకు వేలాడే నాలుగు వందల మందీ పోతారు. ఒక్క పూట ఆలస్యమైనా అంతే.

"తాత నాతో ఒక మాటన్నాడు," అన్నాడు మెల్లగా. "లెక్క తేలకపోతే చేన్ని అడగండి అన్నాడు. ఎకసెక్కెం అనుకున్నా."

ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. తాత దిగిన గోతిమీద మట్టి కప్పాక, ఆయన చెప్పినట్టే మెహరి గుప్పెడు వరిగ గింజలు చల్లింది. బంజరు దిన్నె మీద అదొక్కటే పచ్చటి చాప, మోకాలెత్తున నిలబడి ఉంది. మెహరి ఒక మొక్కను వంచి, బొటనవేలి గోటితో కాడను చీల్చింది. లోపల కంకి తెల్లగా, తడిగా, ముడుచుకుని ఉంది.

"ఇంకా పొట్టమీదే ఉంది. ఈనలేదు," అంది. "రేపు సాయంత్రానికి ఈనుద్ది. అటూఇటూ కాదు."

చేనుకు జ్వాలికులూ లేరు, అరూపులూ లేరు. బొల్లన ఆ పచ్చటి కాడ ముందు తల వంచాడు. తన లెక్క మీద తనకున్న నమ్మకానికి సిగ్గేసింది. ఆమె లేకుండా ఉంటే, ఈరోజే సమాధి తెరిచి, తాతను తన చేతులతోనే చంపేవాడు.

దూరంగా బాకా మోగింది.

"పారిపోలేం," అంది మెహరి. "తాతను కదిలించకూడదు. కనబడకుండా దాచలేం. కోట వేగులు ఈ చేనే గుర్తు పెట్టుకున్నారు."

బొల్లన చేను వంక చూశాడు. తర్వాత మెహరి అన్న కోసం తవ్విన గొయ్యి వంక చూశాడు. రెంటికీ మధ్య ఇరవై అడుగులు. అంతే, మాటలతో పని లేకపోయింది. పారతో వరిగ వేళ్ళు తెగకుండా మట్టిపెళ్ళలు లేపారు, తట్టల్లో ఆ గొయ్యి దగ్గరికి మోశారు. తాత మీదున్న నేలను బోడిచేసి, మెహరి దాన్ని పొడవాటి సమాధిగా కూర్చింది. తల దగ్గర రాయి పాతింది. ఒక్క వరిగ దుబ్బును మాత్రం కుండలో పెట్టి రాయి పక్కన ఉంచింది, కంకి ఎప్పుడు వస్తుందో చూసుకోవడానికి. అరూపుల సమాధిని తాకిన జ్వాలికుడికి ఇక అగ్గి లేదు. పొయ్యిలోకీ ఇవ్వరు, చితికీ ఇవ్వరు. రెండు జాతులూ ఒకరి గడప ఒకరు తొక్కకూడదని భస్మాక్షుడే ఆ శాసనం వేయించాడు.

ఖాళీ గోతిలోకి బొల్లన దిగాడు. కాలిన ఊరి బూడిద తలకూ గడ్డానికీ ఒంటికీ పట్టించింది మెహరి. పద్మాసనం వేసుకున్నాడు. తాత వాడిన మైనమే మిగిలినది ముద్దచేసి, అతని చెవుల్లో పెట్టబోతూ ఆగింది.

"ఇది మా అన్న గొయ్యి," అంది.

"తెల్సమ్మా."

"ఆ భస్మాక్షుడు నీ ఊపిరి తీస్తే నువ్వు..."

"తియ్యనీ. తాత లేచాక తిరిగిస్తాడు. నాకూ, మా అయ్యకూ, మీ అన్నకూ." నవ్వబోయాడు. "భయం వేస్తోంది మెహరీ. తొందరగా మూసెయ్యి."

మెహరి కన్నీళ్ళు తుడుచుకోలేదు. చెవుల్లో, ముక్కులో మైనం పెట్టింది. పైన చెక్కలు, చెక్కల మీద మట్టి, మట్టిమీద వరిగ. లోకం చీకటైపోయింది.

ఎంతసేపో తెలియదు. నేల అదిరింది. గునపాల దెబ్బలు గుండెలో పడినట్టు పడ్డాయి. చెక్కలు లేచాయి, మూసిన రెప్పల మీద ఎర్రటి వెలుగు పడింది.

భటులను వెనక్కి నెట్టి భస్మాక్షుడు తనే గోతిలోకి దిగాడు. ఒకప్పుడు అతనూ తాత శిష్యుడే. సమాధినుంచి లేపే పద్ధతి అతనికి క్షుణ్ణంగా తెలుసు. వెచ్చటి రొట్టెను నడినెత్తిన పెట్టాడు. నెయ్యి తీసి రెప్పలకు రాశాడు. చెవుల్లోని మైనం తీశాక వినబడిన గొంతు కోటలో విన్న గొంతు కాదు.

"గురువుగారూ, నలభై నిండినవి. నేనే, మీరు పొమ్మన్నవాణ్ణి. మళ్ళీ వచ్చాను."

ఆ గొంతులో దొంగతనం లేదు. అందుకే బొల్లనకు ఇంకా భయం వేసింది.

తిత్తి మూతి ముక్కుకు ఆనింది. కొత్త తోలు వాసన, తను పూసిన చింతగింజల బంక వాసన. ముక్కులోని మైనం ఊడింది. బొల్లన నలభై రోజులు కూర్చున్న ముసలివాడిలాగా ఊపిరి విడిచాడు. దారంలాగా, సన్నగా, అంతులేనంత నిదానంగా. కాళ్ళలోంచి, వెన్నులోంచి, పేగుల్లోంచి ఏదో ఊడి పోతున్నట్టు లాగింది. ఇంకొక్క క్షణం, అయిపోతుంది. ఊపిరి చివరకు వచ్చింది. అక్కడ, తిత్తి నోరు మూసుకునే చోట, పుట్టినప్పటి అలవాటుగా, కాస్త ఆగింది.

భస్మాక్షుడి చెయ్యి కూడా ఆగింది.

మరుక్షణం తిత్తి మెడ బిగించి మూడు ముళ్ళు వేశాడు. ఆ తర్వాతే మాట్లాడాడు.

"అదే ఊపిరి. చివర ఆగుడు. మొసళ్ళు నిన్ను వదిలిపెట్టాయా, బొల్లనా?"

బొల్లన కళ్ళు తెరిచాడు. రొమ్ము కదలడం లేదు, అయినా అన్నీ కనబడుతున్నాయి, వినబడుతున్నాయి. అతనికే ఆశ్చర్యమేసింది. ఊపిరి పోయినవాళ్ళందరికీ లోపలి దీపం ఆరిపోతుంది కదా, తనకెందుకు ఆరలేదు? తాత మాట గుర్తొచ్చింది. ఊపిరి నువ్వు కాదురా, దాన్ని చూసేవాడివి నువ్వు. తాత ఆ మాట వెయ్యిసార్లు అన్నాడు. బొల్లన వెయ్యిసార్లు తల ఊపాడు. ఇవాళ అర్థమైంది.

"ముని ఎక్కడ?" భస్మాక్షుడు అతని జుట్టు పట్టి ఊపాడు. "చెప్పు!"

బొల్లన పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. మాటకు ఊపిరి కావాలి, ఆ ఊపిరి భస్మాక్షుడి చంకలో ఉంది. ఆ మంత్రగాడు తిత్తిని చెవికి ఆనించుకుని కుట్లవెంట వేలితో నొక్కుతూ పోయాడు, ఎక్కడైనా ఒక్క మాటంత ఊపిరి కారుతుందేమోనని. నీటిపరీక్షకు నిలిచిన తిత్తి అది. ఒక్క కుట్టు కూడా వదులు లేదు.

"ఎంత బాగా కుట్టావురా!" అని పళ్ళు కొరికాడు. "పరవాలేదు. ఊదుగొట్టం కోటలో ఉన్నది. నీ ఊపిరే నీ నోటిలో ఊది, మాటకో గుక్క చొప్పున పలికిస్తాను."

గోతి అంచున నిలబడ్డ భటుడికి తిత్తిని అందించి, పైకి వచ్చి చెవి రిక్కించాడు. "అక్కడ ఎవరది, ఏడ్చేది?"

"అరూపుల పిల్ల ప్రభూ. సమాధి ముందు కూర్చున్నది," అన్నాడు ఒక భటుడు.

"ఎవరిది ఆ సమాధి?"

"మా అన్నది," అంది మెహరి. తల ఎత్తలేదు. అరచేతులు ఆకాశానికి తెరిచి, అరూపుల పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

భస్మాక్షుడు కర్ర తాటించుకుంటూ అటు నడిచాడు. సమాధి అంచున ఆగి వంగాడు. చాలాసేపు విన్నాడు. మట్టి కింద తాత ఊపిరి లేకుండా కూర్చుని ఉన్నాడు, వినడానికి ఏముంది! ఆ పిల్ల ఊపిరి ఒక్కటే వినిపించింది.

"తవ్వండి," అన్నాడు అయినా.

భటులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక్కడూ కదల్లేదు. చివరకు వాళ్ళ నాయకుడు ముందుకొచ్చాడు. "తమ శాసనమే గదా ప్రభూ. నాకు ముగ్గురు బిడ్డలు. రేపు మా పొయ్యిలోకి ఎవరు అగ్గి ఇస్తారు?"

గోతిలో కూర్చున్న బొల్లనకు మంత్రగాడి కాలు కనబడుతోంది. ఆ కాలు సమాధి మట్టిమీదకు లేచింది. వెనక అరవైమంది భటులు చూస్తున్నారు. లేచిన కాలు అలా గాలిలోనే నిలిచి, ఇటే దిగింది.

"నాలుగు దిక్కులా కాపలా పెట్టండి. పిల్లి కూడా దిన్నె దిగకూడదు. కమ్మరి నోరు తెరిచాక మళ్ళీ వస్తాను." భటుడి దగ్గర తిత్తిని తీసుకుని, నడుముకు కట్టుకుని పల్లకీ వైపు తిరిగాడు.

తిత్తి కదలగానే బొల్లన కాళ్ళు వాటంతటవి లేచాయి. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. గోతిలోంచి పైకి పాకాయి, తిత్తి వెంట అడుగులేశాయి. మెహరి పక్కనుంచే నడిచిపోయాడు. ఆమె తల తిప్పలేదు, తిప్పకూడదు. రాయి పక్కనున్న కుండలో వరిగ కాడ లావెక్కి, పొట్ట బిగిసి ఉంది. కంకి ఇంకా బయటికి రాలేదు.

దిన్నె దిగేసరికి పడమట పొద్దు గుంకింది. జ్వాలికుల లెక్కలో ఆ రోజు ఇంకా అయిపోలేదు, తెల్లవారేదాకా అది అదే రోజు. బొల్లన బుద్ధెరిగినప్పటినుంచీ అలాగే లెక్కపెట్టుకున్నాడు. ఇవాళ మాత్రం మెహరి లెక్క పట్టుకున్నాడు. ఆమె లెక్కలో నలభయ్యో రోజు ఇప్పుడే మొదలైంది. ఒక రాత్రి, ఒక పగలు, నోరు విప్పకుండా నిలబడాలి.

ఒకటి, అనుకున్నాడు. రెండు. దూరాన కాంస్యదుర్గపు తలుపులు తెరుచుకుంటున్నాయి. ఏడో ప్రాకారంలో, గోడమీద మూడో వరుసలో, తండ్రి తిత్తి పక్కనున్న మేకు ఖాళీగా ఉందని అతనికి గుర్తుంది.